వియ్యంకుల చీమలు

"ఆ పెట్టె అక్కడే పెట్టు నాన్నా. గోడకి తగిలి సున్నం రాలుతోంది."

"రాలనీ. ఈ ఇంట్లో నా మీద జాలిపడనిది ఆ గోడ ఒక్కటే," అన్నాడు తండ్రి, పెట్టెను ఇంకో మెట్టు దింపుతూ.

మెట్ల కింద నిలబడ్డ కూతురు దారి ఇవ్వలేదు. ఆమె పళ్ళ డాక్టరు. ఇంటా బయటా అందరికీ డాక్టరమ్మే. ఆసుపత్రికి వేసుకెళ్ళే తెల్లకోటు ఒక చేతికే తొడిగి ఉంది. రెండో చెయ్యి తొడుక్కునేలోపే పైన పెట్టె చప్పుడు మొదలైంది.

వంటగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, ప్రొఫెసర్ గారి రైలు ఎప్పుడో కనుక్కో. దారిలో తినడానికి రొట్టె కట్టిస్తాను."

"రొట్టె అక్కర్లేదని ప్రొఫెసర్ గారితో చెప్పు," అన్నాడు తండ్రి.

డాక్టరమ్మ గుండెలో రాయి పడింది. రైలు మాటకి కాదు, ప్రొఫెసర్ గారన్న మాటకి.

వియ్యంకుల మధ్య వాతావరణం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆమెకు వాళ్ళ పిలుపులు వింటే చాలు. అత్తగారు 'అన్నయ్యగారూ' అంటే, నాన్న 'చెల్లెమ్మా' అంటే ఎండ కాస్తున్నట్టు. ఇద్దరూ ఒకరినొకరు 'ప్రొఫెసర్ గారు' అనుకుంటున్నారంటే గొడుగు వెతుక్కోవలసిందే. నిన్న భోజనాల దగ్గర కూడా అన్నయ్యగారూ, చెల్లెమ్మా బాగానే వినిపించాయి. పొద్దున్న కాఫీకి, టిఫినుకి మధ్య ఎక్కడో పోయాయి.

ఇద్దరూ చీమల శాస్త్రజ్ఞులే. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న. చీమల గూడు చెదిరిపోతే, అవి కొత్త ఇల్లు ఎలా ఎంచుకుంటాయి? అత్తగారి సిద్ధాంతంలో కొన్ని చీమలు తిరిగి ఇళ్ళు చూసొస్తాయి, చూసినవాటిని పోల్చుకుంటాయి, మంచిదాన్ని ఎంచుతాయి. తండ్రి సిద్ధాంతంలో ఏ చీమా దేన్నీ పోల్చదు. మంచి ఇల్లు చూసిన చీమ తొందరగా ఇంకో చీమను పిలుచుకొస్తుంది, నాసి ఇల్లు చూసినది నెమ్మదిగా పిలుచుకొస్తుంది. ఎక్కడ గుంపు పెరిగితే అదే ఇల్లు. ఎంచేది గుంపే, చీమ కాదు.

ఈ ఒక్క ముక్క మీద ఇద్దరూ ఒకే పత్రికలో ఏళ్ళ తరబడి తిట్టుకున్నారు. ఏ ఒక్కరూ ఆలోచించకుండానే నిర్ణయాలు జరిగిపోతాయనడానికి ప్రొఫెసర్ గారి వ్యాసమే మంచి ఉదాహరణ అని ఆవిడ ఒకసారి రాశారు. ఆ వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. పిల్లలిద్దరూ పెళ్ళి చేసుకుంటామన్నప్పుడు ఆయన అక్షింతలు వేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఈ గడప తొక్కలేదు. కూతుర్ని చూడాలనిపిస్తే ఆసుపత్రికి వచ్చి, చీటీ రాయించుకుని, వరసలో కూర్చుని, లోపలికి పిలిచాక నోరు తెరిచి పళ్ళు చూపించి వెళ్ళేవాడు. ఆయన పళ్ళకు ఏ జబ్బూ లేదు.

ఈ ఎండాకాలం మొదట్లో ఆ పత్రిక సంపాదకురాలు ఇద్దరికీ ఒకటే కబురు పెట్టారు. మీ పోట్లాట ఇక అచ్చు వేయను, ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఒకే పరీక్ష చేయండి, ఏం తేలితే అది ఇద్దరి పేర్లతో వేస్తాను అని. అలా ఆయన పెట్టెతో, చీమలతో ఈ ఇంటి పై గదిలో దిగాడు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే సందడి. భోజనాల బల్ల చీమలకు ఇచ్చేసి, నలుగురూ వంటగది అరుగు మీద కంచాలు పెట్టుకుని తింటున్నారు. డాక్టరమ్మకు పెళ్ళయ్యాక ఇంత సంతోషంగా అన్నం తిన్న రోజులు లేవు.

ఇప్పుడు నాన్న ఈ గడప దాటితే, మళ్ళీ పళ్ళు చూపించుకోవడానికే వస్తాడు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇవాళ రావలసిన వాళ్ళను రేపటికి మార్చమంది. తర్వాత వెళ్ళి ఆయన పెట్టె మీద కూర్చుంది.

"లే," అన్నాడు తండ్రి.

"లేవను. నా కుర్చీలో అయితే చెప్పకుండానే నోరు తెరుస్తావుగా. ఇప్పుడూ తెరువు. ఏం జరిగింది?"

ఆయన మెట్టు మీద చతికిలబడ్డాడు. కాసేపు చేతిగుడ్డ మడత పెట్టాడు, విప్పాడు.

"మీ అత్తగారు చీకటి ఇంటిని జరిపారు."

"ఎటు?"

"దగ్గరికి."

డాక్టరమ్మకు పరీక్ష సంగతి ఇంట్లో అందరిలాగే తెలుసు. బల్ల మధ్యలో పాత గూడు. రెండు గాజు పలకల మధ్య అరచేతిలో పట్టేంత ఇల్లు అది. పైపలక ఎత్తేస్తే చీమలు నిలువ నీడ లేక కొత్త ఇంటికి బయల్దేరతాయి. ఎడమవైపు దగ్గర్లో ఒక గాజు ఇల్లు, కానీ లోపల వెలుతురు. కుడివైపు దూరంగా ఇంకో గాజు ఇల్లు, దాని మీద నల్ల కాగితం కప్పి లోపల చీకటి. చీమలకు చీకటే ఇష్టం. రెండు దారులకూ రెండు కాగితపు తలుపులు. ఎడమ తలుపు దాటిన చీమ వీపు మీద నీలం చుక్క, కుడి తలుపు దాటినదానికి పసుపు చుక్క పెడతారు. నీలం చీమను కుడివైపు పోనివ్వరు, పసుపు చీమను ఎడమవైపు పోనివ్వరు. అంటే రెండిళ్ళూ చూసిన చీమ ఒక్కటి కూడా ఉండదు. అయినా గూడంతా చీకటి ఇంటికే చేరితే తండ్రి మాట నిజం. పోల్చుకునే వీల్లేక దగ్గర్లో ఉన్న వెలుతురు ఇంట్లో సర్దుకుంటే అత్తగారి మాట నిజం.

"చీకటి ఇల్లు దగ్గరికి జరిపితే నీకే లాభం కదా నాన్నా."

"అదే కదా నేను అంటున్నది," అన్నాడు తండ్రి. "నన్ను గెలిపిద్దామనుకున్నారు. తెలివి తక్కువ పిల్లవాడికి పరీక్షలో పక్కనుంచి అందిస్తారే, అలాగ. మోసం చేసి ఉంటే పోన్లే అనుకునేవాణ్ణి. మోసంలో కాస్త భయమైనా ఉంటుంది. ఇది దయ. ఇన్నేళ్ళు పోట్లాడింది దయ చూపించుకోవడానికా?"

డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. నవ్వు వస్తోంది. నవ్వితే పెట్టె గుమ్మం దాటుతుంది.

"నువ్వు ఇక్కడే ఉండు. ఇప్పుడే వస్తాను," అని వంటగదిలోకి వెళ్ళింది.

అత్తగారు శుభ్రంగా ఉన్న గిన్నెలను మళ్ళీ తోముతున్నారు.

"అత్తయ్యా, మీరు ఇల్లు జరిపారట."

"జరిపాను. లేదనను." ఆవిడ చేతులు ఆగలేదు. "ఆదివారం ఆదివారం ఆ సంపాదకురాలు మమ్మల్ని ఏం చేయమన్నారు? ఆయన నా పక్షం మాట్లాడాలి, నేను ఆయన పక్షం మాట్లాడాలి. ఎదుటివాళ్ళు ఔనని ఒప్పుకునేంత బాగా మాట్లాడాలి. ఎండాకాలమంతా అదే పని చేశానా? ఆయన తరఫున వాదించి వాదించి, నిన్న సాయంత్రం బల్ల చూస్తే నాకే కడుపు రగిలింది. ఆ చీకటి ఇంటిని అంత దూరాన పెడితే ఏ చీమ పోతుంది? ఆయనకు అన్యాయం జరుగుతోందనిపించింది. కాస్త జరిపాను. ఒకరు లేనప్పుడు ఒకరు బల్ల ముట్టుకోకూడదని ఒప్పందం. అది తప్పే. ఆ తప్పు ఒప్పుకుంటాను."

"మరి ఇంకేముంది? ఆ మాటే నాన్నతో అనండి."

గిన్నె ఠంగుమని అరుగు మీద పడింది.

"ఆయన ఏం చేశాడో చెప్పలేదా నీకు?"

"లేదు."

"చీకటి ఇంటి మీద నల్ల కాగితాలు రెండు పొరలు. తెల్లారాక మనం ఇంకా లేవకముందు వచ్చి, ఒక పొర తీసేశాడు. ఎందుకయ్యా అంటే, రెండు పొరలుంటే చీకటి మరీ చిక్కగా ఉండి, చీమలన్నీ ఎగబడి పోతాయట. నా సిద్ధాంతం పాపం చిత్తుగా ఓడిపోతుందట. నాకు అన్యాయమట." ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకున్నారు. "పాపం అన్నాడమ్మా. నన్ను. నా గురించి ఎన్ని రాతలు రాశాడో నీకు తెలుసు. ఒక్కదానికీ నేను బాధపడలేదు. ఇవాళ పాపం అన్నాడు."

ఈసారి డాక్టరమ్మ ఆపుకోలేకపోయింది. అరుగు పట్టుకుని నవ్వింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"నవ్వు నవ్వు," అన్నారు అత్తగారు. "మీ నాన్న పోలికే."

హాల్లోంచి తండ్రి గొంతు వినిపించింది. "ఏంటి, ఎవరు నవ్వుతున్నారు అక్కడ?"

అత్తగారు వంటగదిలో, తండ్రి మెట్ల మీద. మధ్యలో భోజనాల బల్ల, దాని మీద పొద్దున్న ఇల్లు కోల్పోయిన చీమలు. ఇద్దరి దయా కలిసి, రెండు కొత్త ఇళ్ళూ ఒకదానికొకటి తీసిపోకుండా తయారయ్యాయి. చీమలు సగం ఇటు, సగం అటు చీలిపోయాయి. ఆ చీలిక చూసే ఇద్దరికీ అనుమానం వచ్చింది. ఆయన స్కేలు తెచ్చి దూరం కొలిచాడు. ఆవిడ గోరుతో కాగితం పొరలు లెక్కపెట్టారు. అప్పుడు బయటపడ్డాయి రెండు తప్పులూ.

మధ్యాహ్నానికి సంపాదకురాలు వస్తున్నారు. ఆవిడ ముందు పెట్టడానికి వాళ్ళ దగ్గర చెడిపోయిన పరీక్ష తప్ప ఏమీ లేదు.

కింద బేకరీ నడిపేది డాక్టరమ్మ భర్త. రొట్టెల పళ్ళెం పట్టుకుని పైకి వచ్చాడు. కనుబొమ్మల మీద పిండి ఉంది. మెట్ల మీద మామగారినీ, ఆయన పెట్టెనూ, గోడ మీద గీతలనూ చూశాడు.

"మామయ్యా, ప్రయాణమా?"

"మీ అమ్మను అడుగు."

"అమ్మా, మామయ్య ప్రయాణమా?"

"ఆయన్నే అడుగు."

"నేను పిండి కలిపేవాణ్ణి. నాకు తెలిసిందల్లా ఒకటే. రొట్టె ఉబ్బకపోతే మళ్ళీ కలుపుకోవాలి. రైలెక్కకూడదు," అన్నాడతను. పళ్ళెం ఎక్కడ పెట్టాలో తోచక బల్ల దగ్గర నిలబడ్డాడు. చీమల వంక చూశాడు. ఇంకొంచెం వంగి చూశాడు.

"అమ్మా, ఇక్కడ ఏదో జరుగుతోంది. మీ నీలం వాళ్ళు పసుపు వాళ్ళకి పిల్లల్నిచ్చేస్తున్నారు."

"నోర్ముయ్. ప్రతిదానికీ వేళాకోళం," అన్నారు అత్తగారు.

"ఒట్టు. వచ్చి చూడు."

వంటగది గుమ్మంలోకి ఆవిడ, మెట్ల దగ్గర్నుంచి ఆయన ఒకేసారి వచ్చారు. ఒకరినొకరు చూసి ఆగారు. కానీ చీమలు కదులుతున్నప్పుడు నిలబడిపోవడం వాళ్ళిద్దరి వల్లా కాదు. ఆవిడ ఎడమ తలుపు దగ్గర, ఆయన కుడి తలుపు దగ్గర ఎప్పటిలాగే కూర్చున్నారు. చేతులు వాటంతటవే కుంచెలు అందుకున్నాయి.

పాత గూటి దగ్గర, చెల్లాచెదురుగా పడి ఉన్న మట్టి గింజల మధ్య, ఒక నీలం చుక్క చీమ నోట్లో తెల్లని పిల్లను పట్టుకుని ఉంది. నూకలో సగం కూడా ఉండదు ఆ పిల్ల. అప్పుడే ఇంకో పిల్ల కోసం వచ్చిన పసుపు చుక్క చీమ దానికి ఎదురుపడింది. రెండూ ఆగాయి. మీసాలు మీసాలకు తగిలించుకున్నాయి. నీలం చీమ పిల్లను పసుపు చీమ నోటికి అందించి, ఖాళీగా వెనక్కి తిరిగింది. తన ఇంటికి పోయింది. మళ్ళీ బయటికి వచ్చింది. అక్కడ దాచుకున్న ఇంకో పిల్లను తెచ్చి, ఇంకో పసుపు చీమకు అందించింది.

"చూశారా?" అన్నారు అత్తగారు. ఎవరినీ ఉద్దేశించి కాదు.

"చూశాను," అన్నాడు తండ్రి. ఆయనా అంతే.

"అన్ని నీలాలూ ఇవ్వడం లేదు."

"పసుపు ఇంట్లో ఇప్పుడు జనం కాస్త ఎక్కువ. అక్కడినుంచి వచ్చిన చీమకు ఆ గుంపు వాసన అంటుకుని ఉంటుంది."

"ఆ వాసన ఎదుటి చీమ తన వాసనతో పోల్చుకుంటుంది. పోల్చుకుంటుంది అన్నాను, వినండి."

"విన్నాను. కానీ రెండో ఇల్లు చూసి కాదు."

అత్తగారు గాజుకి ఇంకా దగ్గరగా వంగారు. ఈలోగా ఇంకో నీలం చీమ తన బరువు అప్పగించింది.

"చూసి కాదు," అన్నారు.

డాక్టరమ్మ పళ్ళెం భర్త చేతుల్లోంచి తీసుకుని కింద పెట్టింది. అతను మాట్లాడబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"గుంపు లేకపోతే ఆ వాసనే లేదు," అన్నాడు తండ్రి.

"లేదు. పోల్చే బుర్ర లేకపోతే ఆ వాసనకు అర్థం లేదు."

ఇప్పుడు ఆయన వంతు. కుంచె కొస వేలితో సర్దుకున్నాడు.

"లేదు," అన్నాడు.

"అంటే ఎంచుకోవడం చీమ బుర్రలో జరగడం లేదు."

"గుంపులోనూ కాదు. రెండు చీమలు ఎదురుపడిన చోట జరుగుతోంది. ఇదుగో, ఇక్కడ." ఆయన వేలు గాజు మీద ఆనకుండా గాల్లో ఆగింది. "ఇన్నాళ్ళూ మనకెందుకు కనిపించలేదు?"

"ఎప్పుడూ ఒక మంచి ఇల్లు, ఒక నాసి ఇల్లు పెట్టాం. మంచి ఇల్లు నిమిషాల్లో నిండిపోయేది. ఇలా ఎదురుపడి తేల్చుకునే అవసరం ఎక్కడ వచ్చింది వాటికి? రెండూ సమానంగా పెట్టాలని నాకు తోచలేదు, మీకూ తోచలేదు."

"మీరు ఇల్లు జరిపారు."

"మీరు పొర తీశారు."

ఇద్దరూ తలలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో డాక్టరమ్మకు తెలియలేదు. బల్ల కదలకూడదని ఇద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వుతున్నారు.

"పాపం అన్నానా నేను?" అన్నాడు తండ్రి చివరికి.

"అన్నారు."

"ఆ ఒక్క మాటా వెనక్కి తీసుకుంటున్నాను చెల్లెమ్మా. మిగతావి కాదు. అవి అచ్చులో ఉన్నాయి."

"ఉండనివ్వండి అన్నయ్యగారూ. నావీ ఉన్నాయి."

మధ్యాహ్నానికి చీమలన్నీ కుడి ఇంటికి చేరిపోయాయి. చివరికి మిగిలిన నీలం చీమలను పసుపు చీమలే వీపుల మీద మోసుకుపోయాయి. వియ్యంకులిద్దరూ వంటగది అరుగు దగ్గర నిలబడి, రొట్టె ముక్కలు తింటూ, ఈ సంగతి ఎవరు ముందు చూశారనే దాని మీద కొత్త పోట్లాట మొదలుపెట్టారు.

"ముందు మీరే చూశారు."

"ఏం కాదు. గుంపు వాసన అన్నది మీరు."

"పోల్చుకోవడం అన్నది మీరు కదా. మీ పేరే ముందు."

"నాకేం దయ చూపించక్కర్లేదు."

"మొదలైంది మళ్ళీ," అన్నాడు భర్త. "నిజానికి ముందు చూసింది నేను."

"నువ్వు రొట్టెలు చూసుకో," అన్నారు ఇద్దరూ.

అప్పుడు వచ్చారు సంపాదకురాలు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఏ పక్షానికీ మొగ్గకుండా ఇద్దరి తిట్లనూ సమానంగా అచ్చు వేశారని వియ్యంకులిద్దరూ ఆవిడకు తక్కెడమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడకు తెలుసు. కుర్చీ అంచు మీద కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, జరిగిందంతా విన్నారు. ఇల్లు జరపడం విన్నారు, పొర తీయడం విన్నారు, పిల్లలను అందించడం విన్నారు.

"అయిపోయిందా?" అన్నారు చివరికి.

"అయింది," అన్నాడు తండ్రి.

"ఒకరు లేకుండా ఒకరు బల్ల ముట్టుకుంటే ఒప్పందం రద్దని రాసుకున్నాం. మీరిద్దరూ ముట్టుకున్నారు."

"ముట్టుకున్నాం," అన్నారు అత్తగారు.

"ఇక మీరు చూశామంటున్నది. ఒక్కసారి చూసింది సిద్ధాంతం కాదమ్మా, ముచ్చట. ముచ్చట్లు నేను అచ్చు వేయను." ఆవిడ సంచీ చేతికి తగిలించుకున్నారు. "సాయంత్రం నాకు రైలు ఉంది. దానికి ముందు ఒక్కసారి నా కళ్ళ ఎదుట జరగాలి. జరిగితే ఈ వానాకాలమంతా ఇక్కడే కూర్చుని పరీక్షలు చేయండి, పత్రిక తరఫున నేను నిలబడతాను. జరగకపోతే ఒప్పందం ప్రకారం ఎవరి ఊరికి వాళ్ళు. అయ్యా, మీరు నాతోపాటే బయల్దేరవచ్చు."

డాక్టరమ్మ తండ్రి ముఖం చూసింది. ఆయన కూతురి వంక చూడలేదు. పై గదిలో అదనంగా ఉంచిన ఇంకో చీమల గూడు తేవడానికి మెట్లెక్కుతున్నాడు.

ఈసారి రెండు ఇళ్ళనూ కావాలనే సమానంగా పెట్టారు. ఒకే దూరం, ఒకే పొర. స్కేలు సంపాదకురాలి చేతిలోనే ఉంది. ఆవిడే పాత గూటి పైపలక ఎత్తారు. చీమలు ఒక్క క్షణం బిక్కచచ్చి ఉండి, తర్వాత చెదిరాయి.

మొదటి నీలం, మొదటి పసుపు. కుంచెలు కదిలాయి. బల్ల చుట్టూ ఎవరూ కూర్చోలేదు, వాళ్ళిద్దరూ తప్ప. భర్త బేకరీలో పొయ్యి దగ్గర ఎవరినో ఉంచి వచ్చాడు. డాక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"అన్నయ్యగారూ," అన్నారు అత్తగారు చిన్నగా, చీమల మీంచి చూపు తిప్పకుండా. "ఇది జరగకపోతే?"

"జరగకపోతే మనం పొరబడినట్టు."

"ఇద్దరం కలిసా?"

"కలిసే."

"ఇద్దరం కలిసి పొరబడటం ఇదే మొదటిసారి," అన్నారావిడ. ఆ మాటలో బెంగ లేదు. డాక్టరమ్మకు అదే ఆశ్చర్యంగా ఉంది. వాళ్ళు జాతరకొచ్చిన పిల్లల్లా ఉన్నారు.

చీమలు అటు పోయాయి, ఇటు పోయాయి. రెండు ఇళ్ళలోనూ జనం సమానంగానే పెరుగుతున్నారు. సంపాదకురాలు గడియారం చూసుకున్నారు. కాసేపటికి మళ్ళీ చూసుకున్నారు. సంచీ ఒక చేతినుంచి రెండో చేతికి మార్చుకున్నారు.

"ఇక..." అన్నారు.

"ఆగండి," అన్నాడు తండ్రి.

పాత గూటి దగ్గర ఒక నీలం చీమ, ఒక పసుపు చీమ ఎదురుపడ్డాయి. రెండింటి నోళ్ళలోనూ పిల్లలున్నాయి. ఆగాయి. మీసాలు తగిలించుకున్నాయి. పొద్దున్న కంటే ఎక్కువసేపు తగిలించుకున్నాయి. డాక్టరమ్మ తన చేతివేళ్ళు తానే నలుపుకుంటోంది. ఏదో ఒకటి ఇవ్వాలి. ఏది ఇచ్చినా చాలు, నాన్న ఉండిపోతాడు.

నీలం చీమ తన పిల్లను కింద పెట్టింది.

పసుపు చీమ కూడా తన పిల్లను కింద పెట్టింది.

తర్వాత నీలం చీమ పసుపు చీమ పిల్లను నోట కరుచుకుంది. పసుపు చీమ నీలం చీమ పిల్లను ఎత్తుకుంది. రెండూ వెనక్కి తిరిగి, ఎవరి ఇంటికి అవి పోయాయి.



"ఇదేమిటి?" అన్నారు సంపాదకురాలు. "ఇది మీ ఇద్దరిలో ఎవరు చెప్పారు?"

తండ్రి అత్తగారి వంక చూశాడు. అత్తగారు ఆయన వంక చూశారు.

"నేను చెప్పలేదు," అన్నారు అత్తగారు.

"నేనూ చెప్పలేదు," అన్నాడు తండ్రి. "పొద్దున్న ఇద్దరం కలిసి చెప్పిందీ ఇది కాదు."

"అంటే?"

"అంటే, మాకు తెలియదు."

ఆ మాట అత్తగారు అందుకున్నారు. "అవునండీ. తెలియదు," అన్నారు, అదేదో తీపి తిన్నట్టు.

పాత గూటి దగ్గర ఇంకో రెండు చీమలు ఎదురుపడ్డాయి. వాటి వెనక ఇంకో రెండు, పక్కన ఇంకో రెండు. అవీ మోతలు దించుతున్నాయి. ఒక్క జత చీమలను చూడటమే ఇద్దరికీ సరిపోతోంది. ఈ మూడు జతలనూ చూడటానికి రెండు జతల కళ్ళు చాలడం లేదు.

"చెల్లెమ్మా, ఆ మధ్యదాన్ని చూడండి, నేను తలుపు వదల్లేను."

"నేనూ వదల్లేను. అమ్మాయ్, నువ్వు రా."

"అటుపక్క ఇంకోటి ఉంది అత్తయ్యా. అది నాకు అందదు," అంది డాక్టరమ్మ, బల్ల మీదికి వంగుతూ.

వీధిలో రిక్షా గంట మోగింది. సంపాదకురాలిని స్టేషనుకు తీసుకువెళ్ళడానికి వచ్చింది. ఆవిడ కిటికీ వైపు చూశారు. గడియారం చూశారు. ఒప్పందం సంగతి ఏం చెబుతారో అని డాక్టరమ్మ తలెత్తింది.

ఆవిడ చేతిసంచీ తీసి నేల మీద పెట్టారు. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నారు. కళ్ళజోడు సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా చెయ్యి చాపారు.

"ఇంకో కుంచె ఉందా?"

డాక్టరమ్మ భర్త అటు చూశాడు, ఇటు చూశాడు. "మీరూ ముట్టుకుంటే, ఇక తీర్పు ఎవరు చెబుతారండీ?"

డాక్టరమ్మ ఆవిడ చేతికి కుంచె అందించింది. కింద రిక్షా గంట మళ్ళీ మోగుతోంది.